హిమోగ్లోబిన్ 9.2 ఉంది, బీట్‌రూట్ రసం ఇంకెన్నాళ్లు తాగాలి?

తొలిచూలు | జూన్ 12, రాత్రి 10:18

అందరికీ నమస్కారం. నాకిప్పుడు ఐదో నెల, ఇరవయ్యో వారం నడుస్తోంది. మొన్న పరీక్షలో హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. డాక్టరమ్మ "రక్తం తక్కువగా ఉంది, బాగా తినాలి" అని మందుల చీటీ రాసిచ్చారు. నా వెనక వరుసలో నలభై మంది ఉన్నారు, ఇంకేమీ అడగలేక వచ్చేశాను.

ఇంట్లో చెప్పగానే మా అత్తయ్య బీట్‌రూట్ దుంపలు బుట్టెడు తెప్పించారు. పొద్దున ఒక గ్లాసు రసం, మధ్యాహ్నం దానిమ్మ, సాయంత్రం మళ్లీ రసం. ఎర్రగా ఉన్నదల్లా రక్తమేనని ఆవిడ నమ్మకం. బొప్పాయి, నువ్వులు, మునగాకు, గోంగూర మాత్రం వేడి అని దగ్గరికి రానివ్వడం లేదు. ప్రేమగానే చేస్తున్నారు, ఆవిడతో వాదన పెట్టుకోవాలని లేదు. నాలుగో నెల దాకా వేవిళ్లతో మంచినీళ్లు కూడా నిలవలేదు, ఇప్పుడిప్పుడే అన్నం లోపలికి పోతోంది. గుడ్డు తింటాను, మాంసం వాసన మాత్రం పడడం లేదు. ఇలా తాగుతూ పోతే ఎన్నాళ్లకు పదకొండు అవుతుంది?

పెద్దవంటిల్లు | జూన్ 12, రాత్రి 10:51

తల్లీ, ముందు కంగారు మానుకో. నేను నలుగురిని కన్నాను, ఏడుగురు మనవళ్ల పురుళ్లు పోశాను. బీట్‌రూట్ మా కాలంలో ఊళ్లో దొరికేదే కాదు, మాకు రక్తం పట్టలేదా? మీ అత్తగారు వద్దన్న వాటిలో సగం నేనూ వద్దనే అంటాను, ముఖ్యంగా బొప్పాయి. ఇద్దరి తిండి తినాలి నువ్వు, అది గుర్తుపెట్టుకో. నెయ్యి వేసుకుని రెండు పూటలా కడుపునిండా అన్నం తిను.

తార్నాకనడక | జూన్ 13, ఉదయం 6:40

నేను పోషకాహారం చదువుకున్నాను. గర్భిణులకు తిండి గురించి చెప్పడమే పద్దెనిమిదేళ్లుగా నా పని. పెద్దమ్మ గారు ఏమీ అనుకోకపోతే రెండు మాటలు.

బీట్‌రూట్ రంగుకూ ఇనుముకూ సంబంధం లేదు. వంద గ్రాముల దుంపలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాములు కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ, అదే హైదరాబాదులో మా తార్నాకలో ఉన్నది, లెక్క కట్టింది. అంటే మూడు కిలోల దుంపలు నమలాలి. దానిమ్మ అంతకన్నా తీసికట్టు. ఆ రెండూ మంచి తిండే, తినండి. కానీ రక్తం కోసమని తినకండి.

ఎంత ఇనుము తిన్నారన్నది సగం లెక్కే. అందులో ఎంత ఒంటికి పట్టిందన్నది మిగతా సగం. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుములో చాలా భాగం పట్టకుండానే బయటికి పోతుంది. పక్కన పులుపు ఉంటే, అంటే నిమ్మరసమో ఉసిరికాయో జామకాయో ఉంటే, ఎక్కువ పడుతుంది. టీ, కాఫీ ఉంటే బాగా తగ్గిపోతుంది. అందుకని మీరు చెప్పని వాటి గురించి అడుగుతున్నాను. టీ ఎన్నిసార్లు, ఎప్పుడెప్పుడు తాగుతారు? చీటీలో రాసిన ఇనుము బిళ్ల వేసుకుంటున్నారా? దేనితో వేసుకుంటున్నారు?

ఇంకో మాట. కడుపుతో ఉన్నప్పుడు రక్తంలో నీటి భాగం దాదాపు సగం మేర పెరుగుతుంది. ఎర్ర కణాలు అంత పెరగవు కాబట్టి రక్తం కాస్త పలచబడి, అంకె కొంత దిగడం సహజమే. అందుకే గర్భిణికి గీత 12 దగ్గర కాకుండా 11 దగ్గర గీశారు. 9.2 మాత్రం ఆ సహజమైన దిగుడు కాదు, రక్తహీనతే. దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా ఉన్న సమస్య ఇది, మీరొక్కరే కాదు.

సందేహాలరావు | జూన్ 13, ఉదయం 8:05

రెండు పూటలా కడుపునిండా నెయ్యన్నం తిని, ఏడో నెలలో షుగరు అని తేలి, రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చుకున్న మనిషి మా ఇంట్లోనే ఉంది, నా భార్య. "ఇద్దరి తిండి" అనే మాటను నిషేధించాలని నా విన్నపం.

పెద్దవంటిల్లు | జూన్ 13, ఉదయం 8:30

నాయనా, నేనన్నది నూకలన్నం తిన్న రోజుల మాట. అప్పుడు ఇద్దరి తిండి అంటే ఒక్కరికి సరిపడా దొరకడమే.

తార్నాకనడక | జూన్ 13, ఉదయం 9:12

ఇద్దరూ సరైన మాటే అన్నారు. నాలుగో నెల నుంచి అదనంగా కావలసింది రోజుకు 350 కాలరీలు. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, గుప్పెడు వేరుశనగపప్పు, అంతే. రెండో మనిషి ఇంకా అరకిలో కూడా లేదు కదా! అయితే మాంసకృత్తులు మాత్రం పెరగాలి. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా రోజుకు సుమారు 10 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు అదనంగా కావాలి. మన పళ్లెంలో కొండంత అన్నం, గరిటెడు పప్పు ఉంటుంది. ఆ కొలతలు కాస్త తారుమారు చేస్తే చాలు.

అంగన్‌వాడీఅక్క | జూన్ 13, మధ్యాహ్నం 2:47

చెల్లీ, మీ ఊళ్లో అంగన్‌వాడీలో పేరు రాయించుకున్నారా? తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికి మధ్యాహ్నం పూట ఒక నిండు భోజనం పెడుతున్నాం. అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అక్కడే కూర్చుని తినాలి, ఇంటికి ఇవ్వం. చాలామందికి ఇదే కోపం, "అన్నం పొట్లం కట్టివ్వొచ్చు కదా" అంటారు. కట్టిస్తే ఏమవుతుందో మాకు తెలుసు. గుడ్డు మరిదికి, పాలు మామగారి టీలోకి పోతాయి. ఇంటికి వెళ్లాక తన వంతు తానే తినే కోడళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఉద్యోగస్తులూ, కాస్త కలిగినవాళ్లూ రావడానికి సిగ్గుపడతారు. సిగ్గెందుకు? తిండి కన్నా నలుగురు గర్భిణులు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడమే అక్కడ పెద్ద మందు.

కాకినాడరేవు | జూన్ 13, సాయంత్రం 5:20

మా ఆంధ్రలో కొన్నేళ్లుగా రాగిపిండి, అటుకులు, బెల్లం, వేరుశనగ చిక్కీ, ఎండు ఖర్జూరం ఇంటికే ఇచ్చారు. అక్క చెప్పింది నిజం, మా ఇంట్లో చిక్కీ మా పెద్దోడే తినేశాడు.

తొలిచూలు గారూ, మాంసం వాసన పడకపోతే చిన్న చేపలు ప్రయత్నించారా? నెత్తళ్లు చింతకాయ వేసి వండితే వాసన రాదు, ముల్లుతో సహా నమిలేయవచ్చు. ఇనుము, కాల్షియం రెండూ వస్తాయి. చేపతో తిన్న పూట ఆకుకూరలో ఇనుము కూడా బాగా పడుతుందని నాకు డాక్టరు గారు చెప్పారు. మూడో నెల దాకా నాకూ చేప పేరెత్తితే వాంతి వచ్చేది, ఆరో నెలలో కుండ నాకేశాను.

తొలిచూలు | జూన్ 13, రాత్రి 9:55

ఇంతమంది జవాబులు రాస్తారనుకోలేదు, కళ్లు చెమర్చాయి. అడిగినవి చెబుతాను. టీ రోజుకు నాలుగుసార్లు. నేను బడిలో పాఠాలు చెబుతాను, విరామంలో ఒకటి, అన్నం తినగానే ఒకటి అలవాటు. ఇనుము బిళ్ల, కాల్షియం బిళ్ల రెండూ రాశారు. మర్చిపోతానని రెండూ కలిపి రాత్రి పాలతో వేసుకుంటున్నాను. నిజానికి వారంలో మూడు రోజులే, ఎందుకంటే వేసుకున్న మర్నాడు మలం నల్లగా వచ్చి భయమేసింది, పైగా మలబద్ధకం. అత్తయ్యేమో ఆ బిళ్లలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందంటారు. మా పెదనాన్న కూతురు కుంకుమపువ్వు పంపింది, అది పాలలో వేసి ఇస్తున్నారు.

తార్నాకనడక | జూన్ 13, రాత్రి 10:30

దొరికింది దొంగ! బీట్‌రూట్ సంగతి వదిలేయండి, మీ ఇనుమంతా టీ గ్లాసులోనూ పాల గ్లాసులోనూ మునిగిపోతోంది.

కాల్షియం, ఇనుము ఒకే గుమ్మంలో దూరాలని తోసుకుంటాయి. రెండూ ఒకేసారి వేసుకుంటే ఇనుము బయటే నిలబడిపోతుంది. కాల్షియం భోజనంతో వేసుకోండి. ఇనుము బిళ్లకు కనీసం రెండు గంటల ఎడం ఇవ్వండి. పాలతో వద్దు, నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి. పరగడుపున అయితే బాగా పడుతుంది గాని చాలామందికి కడుపులో తిప్పుతుంది. అలాంటప్పుడు రాత్రి భోజనమైన గంటకో రెండు గంటలకో, పడుకునే ముందు మింగండి. నిద్రలో వికారం తెలియదు. టీ మానమని అనను, మానరు కూడా. భోజనానికి ముందు గంట, తర్వాత గంట ముట్టకండి. నాలుగు రెండు చేయండి.

మలం నల్లబడడం అంటే ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము బయటికి పోవడం. భయం లేదు. మలబద్ధకానికి నీళ్లు, పీచు, సాయంత్రం నడక. అప్పటికీ తగ్గకపోతే బిళ్ల మానడం కాదు, డాక్టరుకు చెప్పి మరో రకం రాయించుకోవడం. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర బిళ్లలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. రక్తం బాగున్నవాళ్లకే నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మళ్లీ 180 రోజులు. మీలాంటి వాళ్లకు మోతాదు ఇంకా పెంచుతారు, అది డాక్టరే చెప్పాలి. నెలలో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. సరిగ్గా వేసుకున్నా పెరగకపోతే కారణం వెతకాలి. బి12 లోపమో, పుట్టుకతో వచ్చే రక్తలోపమైన తలసీమియా జన్యువో, నులిపురుగులో ఏదో ఒకటి ఉండవచ్చు.

సందేహాలరావు | జూన్ 13, రాత్రి 10:44

కుంకుమపువ్వు మీద ఎవరూ మాట్లాడలేదేమిటి? మా అమ్మాయి కడుపులో ఉన్న తొమ్మిది నెలలూ నా భార్యకు తాగించాం. అచ్చం నాలాగే పుట్టింది. నన్ను చూసినవాళ్లకు ఆ కుంకుమపువ్వు డబ్బు ఏ గంగలో కలిసిందో అర్థమవుతుంది. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వస్తుంది, పాల గ్లాసులోంచి కాదు. బిళ్లతో నల్లబడడమూ అంతే.

పెద్దవంటిల్లు | జూన్ 14, ఉదయం 5:50

రంగు సంగతి నేనూ నమ్మను లేవయ్యా. వాసనకు రెండు రేకులు వేస్తే తప్పేముంది, ఆ వంకన పిల్ల పాలు తాగుతుంది. బొప్పాయి గురించి మాత్రం తార్నాక అమ్మాయి ఏమంటుందో వినాలని ఉంది.

తార్నాకనడక | జూన్ 14, ఉదయం 7:15

పెద్దమ్మ గారూ, మీ భయంలో సగం నిజం ఉంది. పచ్చి బొప్పాయి గాటు పెడితే కారే పాలకు గర్భసంచిని బిగించే గుణం ఉన్నట్టు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. అందుకని పచ్చికాయ కూర, దోరకాయ వద్దు. బాగా మాగి మెత్తబడిన పండులో ఆ పాలు దాదాపు ఉండవు. ఆ పండు తింటే నష్టం లేదు, విటమిన్ సి కూడా వస్తుంది. అయినా ఇంటిల్లిపాదికీ భయం ఉంటే దాని కోసం యుద్ధం దేనికి? జామకాయ తినండి, సి విటమిన్ బొప్పాయి కన్నా చాలా ఎక్కువ.

బాధంతా మునగాకు, నువ్వులు, గోంగూర విషయంలో. వంద గ్రాముల మునగాకులో కాల్షియం మూడొందల మిల్లీగ్రాములకు పైనే, ఇనుము నాలుగున్నర దాకా ఉంటుంది. మునగ వేరు, బెరడు పనికిరావు గాని ఆకు పప్పులో వేసుకుంటే దోషం లేదు. నువ్వుల్లో కాల్షియం వందకు వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. ఒక నువ్వుండ, కూరలో ఒక చెంచా పొడి వేడీ కాదు, చలువా కాదు, తిండి. మన ఇళ్లలో గర్భిణికి వద్దన్న జాబితా చూస్తే విచిత్రంగా ఉంటుంది. చవకగా, పెరట్లో దొరికే గట్టి తిండి అంతా అందులోనే ఉంటుంది. మిగిలేది తెల్లన్నం, పాలు, కొన్న పండ్లు.

కాబోయేనాన్న | జూన్ 14, రాత్రి 11:20

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా ఆవిడకు ఇరవై ఆరో వారం. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తే 158 వచ్చింది. 140 దాటితే గర్భం షుగరు అన్నారు. ఇప్పుడు అన్నం పూర్తిగా మానేయాలా? మామిడి పండ్ల కాలం, తను ఏడుస్తోంది.

సందేహాలరావు | జూన్ 15, ఉదయం 7:02

మా ఇంట్లో జరిగినదే చెబుతాను. అన్నం మానలేదు. చేత్తో గుండ్రంగా ముద్దలు పెట్టుకునే మనిషి కాస్తా గిన్నెతో కొలిచి తినడం నేర్చుకుంది. ముందు కూర, పప్పు, గుడ్డు, ఆ తర్వాత చిన్న గిన్నెడు అన్నం. రాత్రి జొన్న రొట్టె. మూడు పూటల తిండిని ఆరు పూటలు చేసింది, ప్రతి భోజనం తర్వాత పావుగంట నడక. డాక్టరు పరగడుపున 95, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలన్నారు. నెల రోజులు అలాగే నిలబడింది, చివర్లో కొద్ది రోజులు ఇన్సులిన్ పడింది. ఇన్సులిన్ అంటే ఓడిపోయినట్టు అనుకుని తను రెండు రోజులు మాట్లాడలేదు. అది ఓటమి కాదు, మాయ విడుదల చేసే హార్మోన్లు చేసే పని.

మామిడి పండు గురించి నేను మాట్లాడను. మా ఇంట్లో ఆ వేసవిలో నేను కూడా తినకూడదని తీర్మానం జరిగింది.

తార్నాకనడక | జూన్ 15, ఉదయం 9:40

పండు విషయం ఆవిడ మీటరు చెబుతుంది. భోజనం మీద కాకుండా విడిగా రెండు ముక్కలు తిని, రెండు గంటలకు చూడండి. రసం తీయకండి, ఏ పండైనా సరే. రాగి జావ కూడా షుగరుకు మంచిదని గ్లాసులకు గ్లాసులు తాగిస్తారు. రాగిలో కాల్షియం వందకు 360 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది, బంగారం లాంటి గింజ. కానీ పలచటి జావ షుగరును గబగబా పెంచుతుంది. రొట్టె చేసి కూరతో తినడం మేలు.

జెర్సీతెలుగమ్మాయి | జూన్ 15, రాత్రి 8:33

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను, నాకు ముప్ఫయ్యో వారం. ఇక్కడ చేపలు తినమంటూనే పాదరసం ఎక్కువగా ఉండేవి, సొర లాంటి పెద్ద చేపలు, వద్దని కాగితం చేతికిచ్చారు. మా అమ్మ వచ్చే నెలలో వస్తోంది, "పురుడవగానే సొర పుట్టు చేసి పెడతాను, పాలు పడతాయి" అంటోంది. కాకినాడరేవు గారూ, మీరేమంటారు?

కాకినాడరేవు | జూన్ 15, రాత్రి 9:10

ఇరకాటంలో పెట్టారండీ! మా వైపు బాలింతకు సొర పుట్టు పెట్టని ఇల్లు ఉండదు. నేనూ తిన్నాను, అంతకన్నా రుచైనది లేదు. కానీ పెద్ద చేప చిన్న చేపల్ని తిని బతుకుతుంది, వాటిలోని పాదరసమంతా దానిలో పోగుపడుతుంది, ఆ లెక్క నిజమే. మా అత్త ఇప్పుడు కానాగంతలనే చిన్న చేపలతో అదే పుట్టు చేస్తోంది. అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి అవే, చేప మారింది. మీ అమ్మ గారికి అది చెప్పి చూడండి.

అంగన్‌వాడీఅక్క | జూన్ 16, మధ్యాహ్నం 3:05

తొలిచూలు చెల్లెల్ని ఒకటి అడగాలని మూడు రోజులుగా ఆగుతున్నాను. తప్పుగా అనుకోవద్దు. రక్తం తొమ్మిది ఉన్నవాళ్లందరినీ నేను అడిగే ప్రశ్నే ఇది. తిండి కానిది ఏమైనా తినాలనిపిస్తోందా? మట్టి, బలపం, సున్నం, ఐసు ముక్కలు, పచ్చి బియ్యం?

తొలిచూలు | జూన్ 17, రాత్రి 1:12

ఈ ప్రశ్న నిన్న మధ్యాహ్నమే చూశాను. జవాబు రాయడానికి ఇంతసేపు పట్టింది.

పచ్చి బియ్యం. మూడో నెలలో చెరుగుతూ నాలుగు గింజలు నోట్లో వేసుకోవడంతో మొదలైంది. ఇప్పుడు రోజుకు గ్లాసుడు. నూకలైతే ఇంకా ఇష్టం. బడికి వెళ్లేటప్పుడు చిన్న డబ్బాలో పోసుకుని వెళతాను, పిల్లలు రాసుకుంటుంటే నల్లబల్ల వైపు తిరిగి నములుతాను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళతాను. మొన్న వాన పడితే తడి మట్టి వాసనకు గుమ్మంలో అరగంట నిలబడ్డాను, నోట్లో నీళ్లూరాయి. సుద్దముక్క ఒకసారి కొరికాను. టీచరుని, పిల్లలు తింటే తిట్టేదాన్ని. నాకేమైనా మతి తప్పుతోందేమోనని భయం. మా ఆయనకు కూడా చెప్పలేదు.

తార్నాకనడక | జూన్ 17, ఉదయం 5:58

మతి తప్పడం కాదు, రోగ లక్షణం. దీనికి వైద్యంలో పేరే ఉంది, పైకా అంటారు. ఇనుము బాగా తగ్గినవాళ్లలో ఇలా అనిపించడం ఎంత మామూలో చెప్పలేను. కారణం పూర్తిగా తేలకపోయినా, ఇనుము నిండుతున్న కొద్దీ ఆ కోరిక దానంతటదే జారిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. సిగ్గుపడవలసింది ఏమీ లేదు, దాచవలసింది అసలే కాదు. దాస్తే అదో చక్రమవుతుంది. బియ్యంతో కడుపు నిండి అన్నం సహించదు, బియ్యంలోని ఫైటేట్లనే పదార్థాలు తిన్న కాస్త ఇనుమునూ పట్టి ఉంచేస్తాయి, రక్తం ఇంకా తగ్గుతుంది, కోరిక ఇంకా పెరుగుతుంది.

డాక్టరమ్మకు ఈ ఒక్క వాక్యం చెప్పండి: "నేను రోజుకు గ్లాసుడు పచ్చి బియ్యం తింటున్నాను." వరుసలో ఎంతమంది ఉన్నా సరే. మట్టి, సుద్ద, గోడ పెచ్చులు మాత్రం కొరకవద్దు. మట్టిలో నులిపురుగుల గుడ్లు, పాత రంగుల పెచ్చుల్లో సీసం ఉంటాయి. మొదటి మూడు నెలలు దాటాక గర్భిణులకు ఒకసారి ఆల్బెండజోల్ అనే నులిపురుగుల బిళ్ల ఇస్తారు, మీకు ఇచ్చారా లేదా అడగండి.

అంగన్‌వాడీఅక్క | జూన్ 17, ఉదయం 7:30

చెల్లీ, నేను రెండో కాన్పుకు బలపాలు తిన్నాను. మా కేంద్రంలో పిల్లలకు వచ్చిన బలపాల పెట్టె ఖాళీ చేసి మళ్లీ నా డబ్బుతో కొని పెట్టాను. అందుకే అడిగాను.

జెర్సీతెలుగమ్మాయి | జూన్ 17, సాయంత్రం 6:14

నేను ఐసు. ఫ్రిజ్ తలుపు తెరిచి ట్రేలు ట్రేలు. మా ఆయన నవ్వేవారు, డాక్టరు నవ్వలేదు, వెంటనే ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష రాశారు. పూర్తిగా అడుగంటింది.

నిర్వాహకురాలు | జూన్ 17, రాత్రి 8:00

ఇద్దరు సభ్యులు మందుల పేర్లు, మోతాదులు రాసిన సందేశాలు తొలగించాను. ఇంజెక్షన్లు, టానిక్కులు ఎవరికి పడితే వారికి చెప్పవద్దు. తొలిచూలు గారి సందేశానికి వెటకారంగా రాసిన ఒకరికి ఈ వేదికలో ఇక చోటు లేదు.

పెద్దవంటిల్లు | జూన్ 18, ఉదయం 6:05

తల్లీ, మాకు వరసగా కాన్పులు. నా చెల్లెలు పొయ్యి మట్టి తినేది. అత్తగారు చూసి వాత పెట్టింది. అది రోగమని మాకెవరూ చెప్పలేదు. ఇంతకంటే రాయలేను. నీ మంచానికి దగ్గరగా వేయించిన శనగలు, ఉసిరి ముక్కలు పెట్టుకో. నోరు నమలాలని అడిగినప్పుడు దానికి వేరేదేదో అందాలి.

తొలిచూలు | జూలై 21, రాత్రి 9:20

చాలా రోజులైంది. ఆ మర్నాడే వెళ్లి ఆ వాక్యం చెప్పాను. డాక్టరమ్మ కలం కింద పెట్టి పది నిమిషాలు మాట్లాడారు. బిళ్ల మోతాదు మార్చారు, పురుగుల మందు ఇచ్చారు. రాత్రి తొమ్మిదిన్నరకు నిమ్మకాయ నీళ్లతో ఇనుము, మధ్యాహ్నం భోజనంతో కాల్షియం. బడిలో విరామం టీ మానలేదు, భోజనం టీ మానేశాను. మొదటి వారం తలనొప్పి. రోజూ రెండు గుడ్లు, మునగాకు పప్పు. నెత్తళ్లు మూడుసార్లు ప్రయత్నించాను, మూడోసారి లోపల ఉన్నాయి.

ఈ రోజు 10.4. బియ్యం మీద కోరిక రెండో వారం చివరికే సన్నగిల్లింది, ఇప్పుడు చెరుగుతుంటే ఒకటి రెండు గింజలు, అంతే.

మునగాకు అత్తయ్య ఎలా ఒప్పుకున్నారని అడుగుతారేమో. వాదించలేదు. బియ్యం సంగతి ఆవిడకు చెప్పేశాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్లి మా పాత ఇంటి ఫోటో తెచ్చి, దేవుడి గది గోడ మీద ఒకచోట వేలు పెట్టి చూపించారు. పెచ్చు ఊడి ఉంది. "మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు ఇదంతా నేనే గీకాను. చెమ్మకు ఊడిందని మీ మామయ్యకు చెప్పాను" అన్నారు. మర్నాడు పొద్దున పక్కింటి పెరట్లోంచి మునగ కొమ్మ ఆవిడే విరుచుకొచ్చారు.

ఇప్పుడు ఒకే ఒక్క సందేహం. శ్రావణ మాసం వస్తోంది, తొలిచూలుకు వరలక్ష్మీ వ్రతం రోజు ఉపవాసం ఉండాలా?

పెద్దవంటిల్లు | జూలై 21, రాత్రి 9:41

ఎవరు ఉండమన్నారు? కడుపుతో ఉన్నదానికి ఉపవాసం లేదని మా అమ్మ కూడా అనేది. పొద్దున్నే ఇంత తిని కూర్చో. నైవేద్యంలో పూర్ణాలు రెండు మించకు. బిళ్ల మాత్రం ఆ రోజు కూడా తొమ్మిదిన్నరకే.

కాబోయేనాన్న | జూలై 21, రాత్రి 10:15

మా ఆవిడ మీటరు ప్రకారం బంగినపల్లి రెండు ముక్కలకు 117. ఇప్పుడు చెప్పి లాభం లేదు, పండ్ల కాలం అయిపోయింది.